కుక్కపిల్లను ఎవరి దగ్గర తీసుకోవాలి? బెంగళూరులోని మన కుటుంబాల కోసం ఒక పోలిక

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో కుక్కను పెంచుకుందామన్న మాట రాగానే అందరూ జాతి గురించే ఆలోచిస్తారు. లాబ్రడార్ మంచిదా, గోల్డెన్ రిట్రీవర్ మంచిదా, ఫ్లాటుకు షిట్జూ సరిపోతుందా అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నలే గాని, వాటికంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ పిల్ల తన మొదటి ఎనిమిది వారాలు ఎక్కడ, ఎలాంటి తల్లి దగ్గర, ఎవరి చేతుల్లో గడిపింది? రేపు మీ పిల్లలతో కలిసి తిరగబోయే కుక్క ఆరోగ్యానికీ స్వభావానికీ పునాది అక్కడే పడుతుంది. అందువల్ల ఇక్కడ జాతులను కాక, కుక్కపిల్ల మన ఇంటికి చేరే దారులను పోల్చి చూస్తాను.

పుట్టిన కుక్కపిల్లకు కళ్ళు తెరుచుకుని ఉండవు, చెవులు వినిపించవు, తన ఒంటి వేడిని తానే నిలుపుకొనే శక్తి కూడా ఉండదు. మొదటి 24 గంటల్లో తాగే ముర్రుపాల ద్వారానే రోగనిరోధక శక్తిలో పెద్దభాగం తల్లి నుంచి దానికి అందుతుంది. 10 నుంచి 14 రోజుల మధ్య కళ్ళు తెరుచుకుంటాయి. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వరకు అది చూసిన మనుషులు, విన్న చప్పుళ్ళు, తొక్కిన నేల, ఎదురైన ఇతర జంతువులు దాని మనసులో భయపడనక్కరలేనివిగా నమోదవుతాయి. ఆ వయసులో ఏమీ చూడకుండా ఇనుప పంజరంలో పెరిగిన పిల్ల తరువాత కుక్కర్ ఈలకూ, లిఫ్టుకూ, హెల్మెట్ పెట్టుకున్న మనిషికీ బెదురుతుంది. ఇక పంటి ఒత్తిడి ఎంతవరకు పెట్టవచ్చో నేర్పేది తోబుట్టువులే. గట్టిగా కరిస్తే అవతలి పిల్ల కుయ్యిమని ఆట మానేస్తుంది, తల్లి కసురుతుంది. ముప్పై, నలభై రోజులకే తల్లి నుంచి విడదీసిన పిల్లకు ఈ చదువు సగంలో ఆగిపోతుంది. ఆ తరువాత మన పిల్లల చేతుల మీద దాన్ని నేర్పవలసివస్తుంది.

రిజిస్టరైన బ్రీడర్

ఒక నిర్దిష్ట జాతే కావాలని కుటుంబమంతా కలిసి నిర్ణయించుకున్నట్లయితే మిగిలే సరైన దారి ఇదొక్కటే. 2017లో కేంద్రప్రభుత్వం కుక్కల పెంపకం, అమ్మకాలపై తెచ్చిన నియమాల ప్రకారం, అమ్మే ఉద్దేశంతో కుక్కలను ఈనించే ప్రతి బ్రీడరూ రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్టరు చేయించుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆడకుక్కకు పద్దెనిమిది నెలలు నిండకుండా జత కట్టించకూడదు, ఏడాదికి ఒక ఈతకు మించి తీయకూడదు, జీవితకాలంలో ఐదు ఈతలు దాటకూడదు, ఎనిమిదేళ్ళు పైబడిన తరువాత అసలే ఈనించకూడదు. పిల్లకు అమ్మకానికి ముందే మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే చిన్న గుర్తింపు చిప్) వేయించాలి. కాబట్టి రిజిస్ట్రేషన్ పత్రం చూపమని అడగడం అవతలివారిని అవమానించినట్లు కాదు. మంచి బ్రీడరు అడగకముందే చూపిస్తారు.

పత్రంతో పని పూర్తికాదు. చెన్నైలో కేంద్ర కార్యాలయం ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే సర్టిఫికెట్టును మనవాళ్ళు ఆరోగ్యానికి హామీగా భావిస్తుంటారు. అది చెప్పేది వంశావళి మాత్రమే, అంటే తల్లి ఎవరు, తండ్రి ఎవరు, వాటి పూర్వులెవరు అన్నది. తుంటి కీలు బాగుందో లేదో, కంటిచూపు నిలుస్తుందో లేదో అందులో ఉండదు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ పిల్లల విషయంలో తల్లిదండ్రులు రెండింటికీ పెద్దయ్యాక తీసిన తుంటి ఎక్స్‌రే అడగాలి. తుంటి కీలు సరిగా అమరకపోవడమన్నది ఈ జాతుల్లో వంశపారంపర్యంగా వచ్చే జబ్బు, పిల్లను చూసి కనిపెట్టగలిగేది కాదు. లాబ్రడార్‌కు మోచేతి కీళ్ళ పరీక్షా, కంటి పరీక్షా కూడా ఉండాలి. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ వంటి చప్పిడి ముఖం కుక్కలలో ఊపిరి ఇబ్బంది ఆ ముఖపు ఆకారంలోనే ఉంది. తల్లి నాలుగు మెట్లెక్కి గురకతో ఆయాసపడుతుంటే పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా వద్దనుకోవడం మేలు. నా మటుకు నేను ఆ జాతులను ఎవరికీ సిఫారసు చేయను.

పిల్లను చూడటానికి వెళ్ళినప్పుడు కళ్ళు దాని మీద కంటే ముందు తల్లి మీద పడాలి. సర్జాపూర్ దారిలో ఒక బ్రీడర్ ఇంట్లో నేను చూసిన ఏర్పాటు చెబితే, ఏమి వెతకాలో తెలుస్తుంది. వంటింటి పక్క గదిలో మోకాలెత్తు చెక్క పెట్టె ఉంది. దాని లోపలి అంచుల వెంబడి, నేల నుంచి కొంచెం ఎత్తులో, గోడకు ఎడంగా ఒక కర్ర బద్ద బిగించి ఉంది. తల్లి గోడకు ఆనుకుని పడుకున్నా వెనక చిక్కిన పిల్ల నలిగిపోకుండా ఆ సందులో తల దాచుకోగలదు. ఏడు పిల్లల మెడలకూ ఏడు రంగుల ఊలు దారాలు కట్టి ఉన్నాయి. గట్టు మీద వంటింటి త్రాసు, పక్కనే రూళ్ళ పుస్తకం, అందులో ఎర్రదారం పిల్ల, పచ్చదారం పిల్ల అంటూ రోజువారీ బరువులు రాసి ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల పుట్టిన పది రోజులకల్లా సుమారు రెట్టింపు బరువు తూగాలి, ఒక్కరోజు బరువు తగ్గినా ఎక్కడో తేడా ఉన్నట్లే. ఆ పుస్తకం అందుకోసమే. పిల్లల గోళ్ళు కొసలు కత్తిరించి ఉన్నాయి, లేకుంటే పాలు తాగేటప్పుడు తల్లి పొదుగు గీరుకుపోయి అది పాలివ్వడానికి విముఖత చూపుతుంది. తల్లి మమ్మల్ని చూసి లేచి వచ్చి వాసన చూసి మళ్ళీ వెళ్ళి పడుకుంది. కొత్తవారు వచ్చినా అది అంత నిశ్చింతగా ఉండటమే ఆ పిల్లల స్వభావం గురించి నాకు దొరికిన అన్నిటికంటే మంచి సాక్ష్యం.

దీనికి భిన్నంగా, తల్లి ఊళ్ళో ఉందనో, నిద్రపోతోందనో, కొత్తవారిని కరుస్తుందనో చెప్పి పిల్లను హాల్లోకి తెచ్చి చూపిస్తే అక్కడితో మాటలు ముగించి రావాలి. ఒకే ఇంట్లో ఐదారు జాతుల పిల్లలు ఎప్పుడూ సిద్ధంగా ఉన్నా అంతే. మంచి బ్రీడరు మిమ్మల్ని కూడా ప్రశ్నలడుగుతారు: ఇల్లు సొంతమా, అద్దెదా, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఇంతకుముందు కుక్కను పెంచారా, ఎప్పుడైనా ఉంచుకోలేని పరిస్థితి వస్తే తిరిగి తమకే అప్పగిస్తారా అని. ఈ ప్రశ్నలకు మనవాళ్ళలో కొందరు చిన్నబుచ్చుకుంటారు. అడగనివారి దగ్గరే కొనకూడదని నేనంటాను.

తెలిసినవారి ఇంట్లో ఈనిన పిల్లలు

మన మధ్య అన్నిటికంటే ఎక్కువగా కుక్కపిల్లలు చేతులు మారేది ఈ దారిలోనే. ఆఫీసులో అన్నగారి కుక్క ఈనింది, అపార్ట్‌మెంటులో వదినగారింట్లో ఆరు పిల్లలున్నాయి, ఒకటి తీసుకోమన్నారు అంటారు. ఇందులో నిజమైన మేలు ఉంది. పిల్ల ఇంట్లో, మనుషుల మధ్య, టీవీ చప్పుడు, మిక్సీ చప్పుడు వింటూ పెరిగి ఉంటుంది. తల్లిని మీరు ఏళ్ళుగా చూస్తూ ఉండవచ్చు. లోటు ఎక్కడంటే, తండ్రి ఎవరన్నది చాలాసార్లు పైపైనే తెలుసు, ఆరోగ్య పరీక్షలు జరిగి ఉండవు, పైగా ముఖమాటం కొద్దీ మీరు అడగలేరు. తుంటి ఎక్స్‌రే గురించి బంధువును అడగడం కష్టమే. కనీసం తల్లికి టీకాలు వేయించారా, పిల్లలకు రెండో వారం నుంచి పక్షానికోసారి నులిపురుగుల మందు పట్టించారా అని అడగండి. ఇంటినిండా పిల్లలతో సతమతమవుతున్నవారు నెలా పదిరోజులకే తీసుకుపొమ్మని తొందరపెడతారు. ఎనిమిది వారాలు నిండేదాకా అక్కడే ఉంచమని మర్యాదగా చెప్పి, అవసరమైతే ఆ రెండు, మూడు వారాల మేత ఖర్చు మీరే భరించండి. ఆ డబ్బు వృథా కాదు.

ఈ సందర్భంలోనే మరో మాట. ఆడకుక్కను పెంచుతున్న ఇళ్ళలో, దాన్ని ఒక్కసారైనా ఈననివ్వాలి, లేకపోతే దాని ఆరోగ్యానికి మంచిది కాదన్న నమ్మకం మనవాళ్ళలో గట్టిగా ఉంది. దానికి వైద్యపరమైన ఆధారం లేదు. స్టెరిలైజేషన్ చేయించని ఆడకుక్కలకు వయసు మీదపడ్డాక గర్భాశయంలో చీము పట్టే ప్రమాదం ఉంటుంది, అది ప్రాణాంతకం. సకాలంలో చేసే ఆపరేషను దాన్ని తప్పిస్తుంది, రొమ్ము గడ్డల ముప్పును కూడా తగ్గిస్తుంది. ఎప్పుడు చేయించాలన్నది, ముఖ్యంగా ఎముకలు నెమ్మదిగా ఎదిగే పెద్ద జాతులలో, మీ పశువైద్యునితో మాట్లాడి నిర్ణయించుకోవాలి. ఈనించాలనుకుంటే 63 రోజుల చూలు, అర్ధరాత్రి కాన్పు, అది అడ్డం తిరిగితే సిజేరియన్, ఆపై ఎనిమిది వారాలు రేయింబవళ్ళు ఇంట్లో ఒక మనిషి, పుట్టిన ప్రతి పిల్లకూ జీవితాంతం వెనక్కి తీసుకుంటానన్న మాట, ఇవన్నీ కలిపి ఒప్పుకోవాలి. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో ఇది సాధ్యమయ్యే పని కాదు.

దుకాణం, ఆన్‌లైన్ ప్రకటన

ఇక్కడ ఎక్కువ చెప్పవలసింది లేదు. దుకాణాలకు 2018 నియమాల కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్ట్రేషన్ ఉన్నా, ఆ పిల్ల తల్లిని మీరు చూడలేరు. వేర్వేరు చోట్ల పుట్టిన పిల్లలను పక్కపక్కన ఉంచినచోట పార్వో వైరస్ పాకడం తేలిక. అది సోకిన మూడు నుంచి ఏడు రోజులకు వాంతులు, రక్తవిరేచనాలు మొదలవుతాయి కాబట్టి, కొన్నరోజు గంతులేసిన పిల్ల ఇంటికొచ్చిన వారంలో కూలబడిపోవచ్చు. ఫోటో చూపించి, అడ్వాన్సు పంపమని, పిల్లను బస్సు పార్సిల్‌లో పంపిస్తామనే ప్రకటనలకు అసలు జవాబివ్వకండి. పంజరంలోని పిల్లను చూసి జాలితో కొనేవారున్నారు. ఆ జాలి నిజమైనదే, కాని ఆ ఖాళీ అయిన పంజరంలోకి మరుసటి వారం ఇంకో పిల్ల వస్తుంది, ఎక్కడో ఒక తల్లి మళ్ళీ ఈనుతుంది.

దత్తత: ఇండీ పిల్ల, లేదా పెద్ద కుక్క

మనం ఊరకుక్క అని పిలిచే నాటు కుక్కను బెంగళూరులో ఇప్పుడు ఇండీ అంటున్నారు. ఒకే పోలిక కోసం దగ్గరి రక్తసంబంధంలో కట్టించినవి కావు కనుక, జాతి కుక్కలలో కనిపించే వంశపారంపర్య జబ్బులు వీటిలో తక్కువ. పొట్టి బొచ్చు, మన వాతావరణానికి తగిన శరీరం. 1991 నుంచి పనిచేస్తున్న కూపా, ఇంకా చార్లీస్ యానిమల్ రెస్క్యూ సెంటర్ వంటి సంస్థలు ఇక్కడ దత్తత ఇస్తాయి. అక్కడ కూడా ప్రశ్నావళి ఉంటుంది, పెద్దయ్యాక స్టెరిలైజేషన్ చేయిస్తామన్న ఒప్పందం ఉంటుంది. ఆడ కుక్కపిల్లలను అడిగేవారు తక్కువ కాబట్టి వాటిని ముందుగా చూడమని నా మనవి.

లోటుపాట్లు కూడా చెప్పాలి. షెల్టరు పిల్లకు తల్లి ఎవరో, తొలి వారాలు ఎలా గడిచాయో తెలియకపోవచ్చు. పెద్దయ్యాక ఎంతవుతుందో కచ్చితంగా చెప్పలేరు. చాలా జంతువులు వచ్చిపోయే చోటు గనుక, వచ్చిన తరువాత ఎన్నాళ్ళు విడిగా ఉంచారు, ఏ టీకాలు ఏ తేదీన వేశారు అని అడిగి చీటీ తీసుకోండి. వీధి నుంచి మీరే నేరుగా తెచ్చుకోవాలనుకుంటే, తల్లి దగ్గర క్షేమంగా పాలు తాగుతున్న పిల్లను ఎనిమిది వారాలు నిండకుండా ఎత్తుకు రాకండి. అప్పటిదాకా తల్లికి అన్నం పెట్టండి, అదే పిల్లకు చేసే మేలు. రేబిస్ విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. మన దేశంలో కుక్కపిల్లల వల్ల కూడా రేబిస్ సోకుతుంది. టీకా వివరం తెలియని పిల్ల కరిచినా, గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి అదేరోజు ఆసుపత్రికి వెళ్ళాలి, చిన్నపిల్లేగా అని ఊరుకోకూడదు.

మొదటిసారి కుక్కను పెంచబోయే ఇంటికి, అందులోనూ భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంటికి, నేను మొదట చెప్పేది పిల్ల సంగతి కాదు, రెండు మూడేళ్ళ పెద్ద కుక్కను దత్తత తీసుకోమని. దాని పరిమాణం, ఓపిక, పిల్లలంటే ఇష్టమో భయమో, లిఫ్టెక్కుతుందో లేదో అన్నీ కళ్ళెదుట ఉంటాయి. కొరకడం, రాత్రిళ్ళు ఏడవడం, గదంతా తడిపేయడం అనే దశలు దాటి ఉంటుంది. బెంగళూరులో బదిలీల వల్ల, విదేశీ ప్రయాణాల వల్ల యజమానులు వదులుకున్న లాబ్రడార్లు, హస్కీలు కూడా షెల్టర్లకు వస్తుంటాయి. వదిలేసిన కుక్కలో ఏదో లోపం ఉంటుందన్న అనుమానం వద్దు, చాలాసార్లు మారినది యజమాని పరిస్థితే. కొన్ని సంస్థలు రెండు మూడు వారాలు ఇంట్లో ఉంచుకుని చూడనిస్తాయి; ఆ అవకాశం మరే దారిలోనూ లేదు.

మీ ఇంటికి ఏది

పగలంతా ఇంట్లో పెద్దవారుండి, బడికెళ్ళే పిల్లలు కాస్త ఎదిగినవారై, సొంత ఇల్లు గాని అభ్యంతరం లేని యజమాని గాని ఉంటే కుక్కపిల్ల పెంపకం సాధ్యమే. జాతి కావాలంటే రిజిస్టరైన బ్రీడర్, జాతి పట్టింపు లేకపోతే షెల్టరు నుంచి ఇండీ. అయితే అమ్మమ్మ, తాతయ్యల మోకాళ్ళను దృష్టిలో పెట్టుకోండి. ఎనిమిది నెలల లాబ్రడార్ పట్టీ లాగితే డెబ్బై ఏళ్ళ మనిషి పడిపోతారు. ఐదేళ్ళలోపు పసిపిల్లలున్న ఇంట్లో నెమ్మదైన పెద్ద కుక్కే క్షేమం. మన ప్రాంతపు జాతి మీద అభిమానంతో ముధోళ్ హౌండ్ కోసం వెతికేవారున్నారు. బాగల్‌కోట్ జిల్లా తిమ్మాపూర్‌లో ఆ జాతి కోసం ప్రభుత్వ పరిశోధన కేంద్రమే ఉంది, గొప్ప కుక్క. కాని అది పరుగు కోసం పుట్టిన వేటకుక్క, రోజూ విడిచి పరిగెత్తించే చోటు లేని రెండు గదుల ఫ్లాటులో దాన్ని కట్టిపెట్టడం అన్యాయం. రాట్‌వైలర్ వంటి 23 జాతులపై 2024 మార్చిలో కేంద్రం పంపిన నిషేధ ఉత్తర్వును ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టివేసింది. చట్టం అడ్డు తొలగినంత మాత్రాన మొదటిసారి పెంచేవారికి ఆ కుక్క తగినదైపోదు.

అద్దె ఒప్పందంలో కుక్క గురించి రాతపూర్వకంగా ఉండేలా చూసుకోండి. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించడం గాని, లిఫ్టు వాడనీయకపోవడం గాని కుదరదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా కుక్క వచ్చిన తరువాత గొడవపడేకంటే ముందే సంఘంతో మాట్లాడటం మంచిది. రేబిస్ టీకా వేయించాక నగరపాలక సంస్థ లైసెన్సు తీసుకోవాలి.

ఇంటికి తెచ్చాక

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టిన టీకాలు మూడు, నాలుగు వారాలకోసారి పదహారు వారాల వరకు కొనసాగాలి, ఎందుకంటే తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గేదాకా టీకా పూర్తిగా పట్టదు. అది ఏ పిల్లలో ఏ వారం తగ్గుతుందో చెప్పలేము. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు. టీకాలు పూర్తయ్యేదాకా ఇతర కుక్కలు తిరిగే నేల మీద దించవద్దు, అలాగని ఇంట్లో బంధించనూ వద్దు. సంచిలోనో చేతుల్లోనో పెట్టుకుని రోడ్డు మీది ఆటోలు, బడిపిల్లలు, కూరగాయల బండి, వాన చూపించండి. బ్రీడరు నేర్పిన పాఠాన్ని మీరు కొనసాగించవలసిన వారాలు ఇవే.

మన ఇళ్ళలో పెరుగన్నం మీదే కుక్కను పెంచడం అలవాటు. ఎదిగే పిల్లకు అది చాలదు, మాంసకృత్తులు తక్కువవుతాయి. శాకాహారుల ఇంట్లో మాంసం వండటం ఇష్టం లేకపోతే కుక్కపిల్లల కోసం తయారుచేసిన మేతను వాడండి. పెద్ద జాతి పిల్లకు, డాక్టరు చెప్పకుండా, ఎముకలు గట్టిపడతాయని కాల్షియం టానిక్ పట్టించకండి. ఎక్కువైన కాల్షియం ఎముకల ఎదుగుదలను చెడగొడుతుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ దాని నోటికి అందకూడదు, కాబట్టి పాయసమూ పులుసూ మిగిలిందని గిన్నెలో వేయకండి. వానల తరువాత పిడుదుల జ్వరం ఇక్కడ చాలా కుక్కలకు వస్తుంది. పిడుదుల మందు ఎప్పుడు మొదలుపెట్టాలో మొదటి టీకారోజునే అడగండి.

ఇక తేదీ. దసరా, దీపావళి మధ్య ఎనిమిది వారాల పిల్లను తేవద్దని నా గట్టి సలహా, ఆ వయసులో టపాసుల మోతకు బెదిరిన కుక్కకు ఆ భయం ఏళ్ళ తరబడి పోకపోవచ్చు. సంక్రాంతికి ఊరెళ్ళేవారు వచ్చాకే తెచ్చుకోండి. రైలులో కుక్కను వెంట ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం దొరకాలి, లేదంటే గార్డు పెట్టెలోని గూటిలో పంపాలి, చిన్నపిల్లకు అది తగదు. జనవరి చివర వచ్చిన పిల్లకు మార్చి ముగిసేసరికి టీకాలు పూర్తయి, జూన్ వానలకు ముందే బయట తిరగడం అలవాటవుతుంది. మీరు నమ్మిన బ్రీడరు దగ్గర అప్పటికి పిల్లలు లేకపోతే పేరు రాయించి ఆగండి. తల్లికి ఏడాదికి ఒక్క ఈతే కాబట్టి ఆ ఎదురుచూపు ఎనిమిది, పది నెలలు కూడా కావచ్చు.